జర్నల్స్‌కు ఉమ్మడి వేదిక: నేను తరచూ వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

యూనివర్సిటీ లైబ్రరీలో పరిశోధన జర్నల్స్ వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. చిన్న చిన్న జర్నల్స్ అన్నీ కలిసి వాడుకునేలా ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోగల) వేదిక ఒకటి దేశానికి కావాలని గట్టిగా నమ్ముతాను. అందులో రాసేవాళ్లూ, చదివేవాళ్లూ పైసా కట్టనక్కర్లేదు. ఈ మాట ఎత్తిన ప్రతి మీటింగులో దాదాపు ఇవే అభ్యంతరాలు వస్తాయి.

అపోహ: "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చేసింది కదా, ఇంకా ఇదెందుకు?"

అది జర్నల్స్ చందాలను కేంద్రమే కట్టే పథకం. అది చదువుకోవడానికి, ఇది ప్రచురించడానికి. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఆమోదించిన ఆ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఇచ్చారు. 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13,000 అందుతున్నాయి. మంచి పనే. మా పిల్లలు ఇప్పుడు ఒక వ్యాసం కోసం పది మందిని బతిమాలుకోవడం తగ్గింది. కానీ ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌కు, ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరుకు ఆ తలుపు తెరుచుకోదు. పైగా ఆ డబ్బుతో కొనేది చదివే హక్కు. మన జర్నల్ నడపడానికి సర్వర్‌ గానీ, దాన్ని చూసుకునే మనిషి గానీ అందులో రారు.

అపోహ: "సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఎవరి సైటు వాళ్లు పెట్టుకుంటే పోలా?"

జర్నల్ సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ (మేం ఓజేఎస్ అంటాం) ఉచితమే. కెనడాలో మొదలైన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ వాళ్లు తయారుచేసి ఇస్తున్నారు. సర్వర్‌లో ఎక్కించడం ఒక పూట పని, కాపాడుకోవడం ఏళ్ల తరబడి పని.

ఒకరోజు పొద్దున్నే ఒక ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. "మేడమ్, మన జర్నల్ పేరు గూగుల్‌లో కొడితే జూదం సైట్లు వస్తున్నాయేంటి?" చూస్తే ఓజేఎస్ పాత వెర్షన్. నాలుగేళ్లుగా ఎవరూ అప్‌డేట్ చేయలేదు. ఎవరో రచయితలా రిజిస్టర్ అయ్యి, ఫైళ్లు అప్‌లోడ్ చేసే చోటు నుంచి వందల కొద్దీ జూదం పేజీలు ఎక్కించారు. హోమ్ పేజీ మామూలుగానే కనబడుతోంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. బ్యాకప్ ఉందా అంటే ఉంది, కానీ అదే సర్వర్‌లో పక్క ఫోల్డర్‌లో. అదీ పాడైంది. సైటు బాగుచేయడానికి రెండు వారాలు పట్టింది. రెండు సంచికలకైతే బీరువాలోంచి ప్రింటు కాపీలు తీసి స్కాన్ చేసి పెట్టాం. "ఇరవై ఏళ్ల కష్టం అమ్మా ఇది" అంటూ ఆయన నా టేబుల్ ముందు కూర్చుండిపోవడం ఇంకా నా కళ్లలోనే ఉంది.

ఇలా దాడే జరగనక్కర్లేదు. డొమైన్ రెన్యువల్ మర్చిపోయినా, పాస్‌వర్డ్ తెలిసిన ఒక్క ఎడిటర్ రిటైరైనా చాలు. 2000 నుంచి 2019 లోపు ప్రపంచంలో 170కి పైగా ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ ఇంటర్నెట్‌లో లేకుండా పోయాయని పరిశోధకులు లెక్క తేల్చారు.

ఒకే ఓజేఎస్‌లో వందల జర్నల్స్ నడపొచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్ ఒక్కసారి చేస్తే అన్నిటికీ చేసినట్టే. ఫిన్లాండ్‌లో పండిత సంఘాల సమాఖ్య 2017 నుంచి ఇలాగే నడుపుతోంది, జర్నల్స్ వంద దాటాయి. హైదరాబాద్ నగరం కంటే తక్కువ జనాభా ఉన్న క్రొయేషియాకు 2006 నుంచే సొంత వేదిక ఉంది. దాని పేరు హర్చక్. వాళ్ల భాషలో ఆ మాటకు చెంపల నిండా గింజలు దాచుకునే హామ్‌స్టర్ అని అర్థం. నాకు ఆ పేరు భలే నచ్చింది.

అపోహ: "అందరినీ ఒకచోట చేరిస్తే ఎడిటర్ మాట చెల్లదు."

అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకు, లిఫ్టు ఉమ్మడి. ఎవరి వంట వాళ్లదే. ఏ వ్యాసం తీసుకోవాలి, ఎవరికి రివ్యూకి (నిపుణుల పరిశీలనకు) పంపాలి, బోర్డులో ఎవరుండాలి, ఇవన్నీ జర్నల్ చేతిలోనే ఉంటాయి. లోగో మీదే, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) మీదే. చేరడానికి కొన్ని షరతులు మాత్రం తప్పవు: రివ్యూ నిజంగా జరగాలి, సంచిక చెప్పిన సమయానికి రావాలి. బ్రెజిల్‌లో 1998లో మొదలై లాటిన్ అమెరికా దేశాలకు, స్పెయిన్, పోర్చుగల్, దక్షిణాఫ్రికాలకు పాకిన సైలో అనే ఉమ్మడి వేదిక కూడా ప్రమాణాలు చూసే జర్నల్స్‌ను చేర్చుకుంటుంది. ఆ మాత్రం పట్టింపు లేకపోతే వేదికకే విలువ ఉండదు.

అపోహ: "ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు కట్టి అచ్చేయించుకోవడమే."

ఈ అనుమానం ఊరికే రాలేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసగించిందంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఆ మచ్చ మనందరి మీదా పడింది. కానీ రచయిత దగ్గర ఏమీ తీసుకోని ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ ప్రపంచంలో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని డైమండ్ జర్నల్స్ అంటారు. ఉమ్మడి వేదిక అడుగుతున్నది వాటి కోసమే.

అపోహ: "పీడీఎఫ్ పెట్టేశాం, ఇంకేం కావాలి?"

తెలుగు శాఖలవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసిన వ్యాసం స్క్రీన్ మీద ముచ్చటగా ఉంటుంది. అందులోంచి "కాకతీయ" అన్న ఒక్క మాట కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, ఇంగ్లీషు అక్షరాలూ ఏవో గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగా గుర్తించే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిపెట్టారంతే. గూగుల్ చదివేది ఆ గుర్తులనే. డిగ్రీ చదివే అమ్మాయి "కాకతీయుల శాసనాలు" అని వెతికితే, మూడేళ్లు ఊళ్లు తిరిగి రాసిన ఆ వ్యాసం ఆమె కంటపడదు.

అందుకే శీర్షిక, రచయిత పేరు, సారాంశం, కీలకపదాలు, ఉపయుక్త గ్రంథాల జాబితా యూనికోడ్‌లో విడిగా ఎక్కించాలి. ప్రతి వ్యాసానికి డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) ఉండాలి. సైటు అడ్రసు మారినప్పుడు డీఓఐ రికార్డులో కొత్త లింకు మార్చుకుంటే పాత ఉల్లేఖనలు చెడిపోవు. ఒక్కో జర్నల్ ఒంటరిగా ఇదంతా చేయలేదు. తెలుగు, కన్నడ, తమిళ జర్నల్స్‌కు ఒకే ఫాంటు కన్వర్షన్ బృందం ఉంటే ఎంత పాత సరుకు బయటికొస్తుందో తలచుకుంటేనే నాకు ఉత్సాహం వస్తుంది.

అపోహ: "ఒకసారి గ్రాంటు ఇస్తే చాలు, అదే నడుస్తుంది."

నడవదు. సర్వర్‌కయ్యేది చిన్న ఖర్చు, ఎడిటర్ ఫోన్ చేస్తే ఎత్తే మనిషి జీతమే పెద్దది. సైలో ఇన్నేళ్లు నిలబడడానికి సావో పాలో రాష్ట్ర పరిశోధన నిధుల సంస్థ వెన్నుదన్నుగా ఉండడం పెద్ద కారణం. మన దగ్గర యూజీసీ సంస్థ అయిన, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ లక్షల పీహెచ్‌డీ థీసిస్‌లను శోధగంగ అనే వెబ్‌సైట్‌లో భద్రంగా అందరికీ అందుబాటులో ఉంచుతోంది. అంటే పని తెలిసినవాళ్లు ఉన్నారు. ఏటా బడ్జెట్‌లో ఒక పద్దు, పర్మనెంట్ పోస్టులు కావాలి.

అప్పటిదాకా ఎడిటర్లు ఈ వారమే చేయగలిగిన పనులు మూడున్నాయి. బ్యాకప్ ఒక కాపీ వేరే చోట పెట్టండి. డొమైన్ గడువు తేదీ ఇద్దరు ముగ్గురి ఫోన్లలో రిమైండర్‌గా ఉంచండి. ఓజేఎస్ వాడుతుంటే, ఐఎస్ఎస్ఎన్ ఉంటే, పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ వాళ్ల ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ ప్లగిన్ ఆన్ చేయండి. అది సంచికల కాపీలను వేర్వేరు చోట్ల దాచిపెడుతుంది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు.