భుజం భారం దించే చక్రాలు

చేతులతో వీల్‌చైర్ తోసుకుంటూ ర్యాంపు ఎక్కే మనిషిని దగ్గర నుంచి గమనించండి. ముందుకు వంగి, రిమ్మును, అంటే చక్రానికి పక్కన చేత్తో తోయడానికి ఉండే రింగును, వెనక నుంచి పట్టుకుని బలంగా తోస్తారు. చెయ్యి మళ్ళీ వెనక్కి తెచ్చేలోపే కుర్చీ జారబోతుంది. వెంటనే ఇంకో తోపు, ఆపైన ఇంకోటి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే వీలు లేదు.

మనిషి, కుర్చీ కలిపి 90 కిలోలనుకుందాం. నున్నటి గచ్చు మీదైతే కిలో, కిలోన్నర బరువు ఎత్తేంత బలం సరిపోతుంది. 12 అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు మీద, ఎక్కినంతసేపూ ఇంకో ఏడున్నర కిలోల బలం కావాలి. అదీ పద్ధతిగా కట్టిన ర్యాంపు అయితేనే. మెట్ల మీద సిమెంటు పోసేసి ర్యాంపు అనిపించిన చోట్ల ఆ మనిషి పడే అవస్థ చెప్పలేం.

ఈ బలమంతా భుజమే ఇవ్వాలి. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది. భుజం కీలు అలా కాదు, లోతులేని పళ్ళెంలో బంతి పెట్టినట్టు ఉంటుంది. చుట్టూ ఉన్న కండరాలు, వాటిని ఎముకకు కలిపే టెండన్లే దాన్ని పట్టి ఉంచుతాయి. రోజుకు రెండు మూడు వేల తోపులు, అలా ఏళ్ళ తరబడి. నొప్పి రాకుండా ఎలా ఉంటుంది? ఆ భుజం కూడా పోతే మంచం మీంచి కుర్చీలోకి మారడానికీ ఇంకొకరు రావాల్సిందే. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

1993లో యమహా కంపెనీ జపాన్‌లో ఒక సైకిల్ తెచ్చింది. తొక్కేది మనిషే, ఆ తొక్కుడుకు మోటారు బలం కలుపుతుంది. అదే ఆలోచన కొన్నేళ్ళకు వీల్‌చైర్ చక్రాల్లోకి వచ్చింది. చక్రం మధ్యలో మోటారు, రిమ్ము దగ్గర సెన్సర్ ఉంటాయి. చెయ్యి ఎంత బలంగా తోసిందో సెన్సర్ పసిగడుతుంది. మోటారు ఆ తోపును కాసేపు కొనసాగించి మెల్లగా తగ్గిస్తుంది. రిమ్మును వెనక్కి లాగితే బ్రేకుకూ సాయపడుతుంది. కొన్ని మోడళ్ళలో కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరుగా సాయం సెట్ చేసుకోవచ్చు. ఒక చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్ళకు ఇది నిజంగా వరం.

వీటిని పరీక్షించినవారిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఇంజనీరు రోరీ కూపర్ ఒకరు. ఆయనా వీల్‌చైర్‌లోనే తిరుగుతారు, 1988 సియోల్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ఈ చక్రాలతో ఆక్సిజన్ వాడకం, గుండె వేగం తగ్గుతాయని ఆయన బృందం చూపించింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చేతుల్లోనూ బలం తగ్గినవారికి మందపాటి కార్పెట్, ర్యాంపు లాంటివి తేలికయ్యాయి.

మరి ఈ చక్రాలు వాడేవాళ్ళు రోజూ ఎక్కువ దూరం తిరుగుతున్నారా అంటే, అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. నాకైతే దూరం కంటే, ఆఫీసుకు చేరాక చేతుల్లో ఇంకా ఓపిక మిగిలిందా అన్నదే ముఖ్యం.

ఇబ్బంది బరువుతో వస్తుంది. మామూలు చక్రాన్ని ఇరుసు మధ్య బటన్ నొక్కి ఒంటిచేత్తో ఊడదీసి కారు వెనక సీట్లో పడేయొచ్చు. మోటారు చక్రాలు రెండూ కలిపి పది కిలోలు దాటతాయి. ఒంటరిగా కారు నడుపుకునే మనిషి వాటిని ఒళ్ళో నుంచే పక్క సీటుకు ఎత్తాలి. అంటే తోయడంలో తప్పిన శ్రమ ఎత్తడంలో అదే భుజం మీద పడుతుంది. అందుకే కొందరు కుర్చీ వెనక తగిలించుకునే ఒంటి మోటారు చక్రం వైపు వెళ్తున్నారు. దాని బరువు ఆరు కిలోల దాకా ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బాగా నెడుతుంది. కానీ అలాంటివి చాలావరకు ముందుకు తోయడానికే. దిగేటప్పుడు రిమ్మును బిగించి పట్టుకుని వేగం ఆపాల్సింది మళ్ళీ ఆ రెండు చేతులే.