చెరువు సగమే నిండిన ఏడు

పిల్లలూ,

తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు నిన్న ఫోన్ చేసింది. పెద్దయ్యాక ఏం చేస్తారో రాసుకురమ్మన్నారట బడిలో. "డాక్టర్ అవుతాను, బట్టల షాపు పెడతాను, యూట్యూబ్ ఛానల్ కూడా నడుపుతాను" అని రాసింది. "ఇవి కోరికలమ్మా, వ్యూహం ఏదీ?" అన్నారట మాస్టారు. రెండింటికీ తేడా ఏంటి తాతా అని దాని టెన్షన్.

ఆ తేడా నేను మా ఊరి చెరువు దగ్గరే చూశాను. వానలు మొహం చాటేసిన ఏడు అది సగమే నిండేది. పెద్దలు ముందు మదుం, అంటే చెరువు తూము దగ్గర కర్ర దించి లోతు చూసేవారు. ఆ కర్ర మోసేవాణ్ణి నేనే. తడిసిన నిక్కరుకి అమ్మ తిట్లు వేరే. అందరి మళ్ళకీ తలా కాస్త నీళ్ళు వదిలితే ఉభాలు, అంటే వరి నాట్లు, జోరుగా అయిపోతాయి, ఎవరికీ కోపం రాదు. తీరా వరి పొట్ట మీదున్నప్పుడు నీళ్ళు చాలక ఊరంతా ఎండుతుంది. అందుకని పల్లపు మళ్ళకే వరి అనేవారు. మెరక రైతులు చోళ్ళో (రాగులు) ఉలవలో చల్లుకోవాలి, వాళ్ళకి పల్లపు ధాన్యంలో వాటా. ఇక ఆకుమడి, కూలీలు, నీటి వంతు అన్నీ ఆ మాట ప్రకారమే. మెరక రైతు మొహం మాడ్చుకునేవాడు. ఒక్కరైనా మాడ్చుకోకపోతే అది నిర్ణయమే కాదని నా లెక్క.

మీ చెరువులో ఉన్నవి రోజుకి కొన్ని గంటలు, ఇంట్లో పెట్టగలిగిన డబ్బు, చేతికొచ్చిన పని. కర్ర ముందు అక్కడ దించండి.

వ్యాపారమూ అంతే. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు నేతగాళ్ళు చౌకలో మిల్లు బట్టతో పోటీకి దిగి ఉంటే మగ్గాలు ఏనాడో అటకెక్కేవి. మిల్లు చేయని పని పట్టుకున్నారు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చరఖా మీద 100 కౌంటు నూలు తీస్తారు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం. ఆ నూలు కిలో సాగదీస్తే దాదాపు 170 కిలోమీటర్లు! శ్రీకాకుళంలో మొదలెడితే విశాఖ దాటిపోతుంది. దవడ నుంచి మగ్గం దాకా అన్నీ ఆ సన్నదనం కోసమే, అందుకే కాపీ కొట్టడం కష్టం. అలాగని వాళ్ళకి డబ్బులు దండిగా వస్తాయని అనను. వడికేవాళ్ళ కూలి తక్కువే, అది నాకు బాధ.

దసరా సెలవులకి పొందూరు వెళ్ళి రండి, రైలు కూడా ఆగుతుంది. ఆ దవడ పళ్ళ మధ్య పత్తి ఎలా విచ్చుకుంటుందో నేను రాసి చెప్పలేను. మిల్లు దారం కొనుక్కుంటే సరిపోదా అని వడికే మామ్మని అడగండి. పని మధ్యలో మాత్రం మాట్లాడించకండి, దారం తెగుతుంది.

మీ తాత