క్లైమాక్స్ మ్యాచ్ గెలిస్తే తాగుడు మానేసినట్టేనా?

సినిమాలకు రాసే స్నేహితుడొకడు పోయిన నెల ఓ స్క్రిప్టు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. తాగుడుకి బానిసైన వాలీబాల్ కోచ్, డీఅడిక్షన్ సెంటర్‌లో ఎనిమిది మంది పేషెంట్లు, జిల్లా టోర్నమెంటు, బోలెడంత కామెడీ. "డాక్టరువి కదా, ఒకసారి చూసిపెట్టరా" అన్నాడు. నవ్వుకుంటూనే చదివాను. కానీ వార్డులో ఇంటివాళ్లు నాతో చెప్పే అపోహలన్నీ అందులో వరసగా కనిపించాయి.

అపోహ: గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మూడు రోజుల్లో దిగిపోతుంది.

స్క్రిప్టులో హీరో రెండు రాత్రులు అరిచి, మూడో రోజు పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పరుగు తీస్తాడు. మాకు అసలు టెన్షన్ ఆ మూడో రోజే. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పుతుంది. ఒంటి మీద పురుగులు పాకుతున్నాయంటూ దుప్పటి దులుపుతూనే ఉంటారు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే లోరాజెపామ్ లాంటి మందులు మొదలుపెట్టి, రోజురోజుకీ డోసు తగ్గిస్తూ వస్తాం. బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తాం. తెలంగాణలో ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకి అలవాటు పడ్డవాళ్లదీ ఇదే కథ. కల్లే కదా అని ఇంట్లో పడుకోబెడితే ఫిట్స్‌తో మా దగ్గరికి వస్తారు.

అపోహ: తెలియకుండా సాంబారులో పొడి కలిపితే మానేస్తాడు.

స్క్రిప్టులో అన్నిటికన్నా పెద్ద కామెడీ సీను ఇదే. కొట్టేయమన్నాను. ఆ పొడి డైసల్ఫిరామ్ అనే మందు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడైతే మరీ ప్రమాదం. మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే ఇవ్వాల్సిన మందు అది.

అపోహ: ఆటగాడికి క్రమశిక్షణ ఉంటుంది, వ్యసనం అంటదు.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1990 డిసెంబరులో తాగి కారు నడిపిన కేసులో జైలుకెళ్లాడు. ఆర్సెనల్ అదే సీజన్‌లో లీగ్ గెలిచింది. కప్పులు వస్తున్నంతకాలం ఇది జబ్బని ఎవరికి తోస్తుంది? 1996 వేసవిలో ఇంగ్లండ్‌ని యూరో కప్ సెమీఫైనల్ దాకా నడిపించి, సెప్టెంబరులో తాను ఆల్కహాలిక్‌నని బయటపెట్టాడు. మానేశాక 1998లో, 2002లో లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచిన జట్టుకీ అతనే కెప్టెన్. 2000లో ఆటగాళ్ల కోసం స్పోర్టింగ్ చాన్స్ అనే సంస్థ పెట్టాడు. తాగేటప్పుడూ కప్పు వచ్చింది, మానేశాకా వచ్చింది. కప్పుని చూసి మనిషి ఎలా ఉన్నాడో చెప్పలేం.

అపోహ: ఆటే వైద్యం.

మా దగ్గరా సాయంత్రం ఐదింటికి వాలీబాల్ ఉంటుంది. మొదటి వారం స్టీలు గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నా టీ ఒలకబోసుకునే మనిషి, రెండో వారం సర్వీసు చేస్తే బంతి నెట్ దాటదు. మూడో వారానికల్లా బంతి గీత మీద పడిందా, బయట పడిందా అని అంపైరుతో పోట్లాడతాడు. ఆ పోట్లాట నాకు భలే ఇష్టం. చాలామందికి తాగుడు వేళ సాయంత్రమే. ఆట ఆ ఖాళీని నింపుతుంది, రాత్రికి నిద్ర పట్టిస్తుంది. అయితే దాంతోపాటు తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మందులు, కౌన్సెలింగ్, ఇంటివాళ్లతో మాటలు కూడా నడవాలి. పైగా మన దగ్గర మ్యాచ్ గెలిచినా మందే, ఓడినా మందే!

అపోహ: మళ్లీ ఒక్కసారి తాగితే మొత్తం పోయినట్టే.

కాదు. షుగర్ పెరిగితే డాక్టరు దగ్గరికి పోతాం కదా, ఇదీ అంతే. సిగ్గుపడి దాక్కోవడం వల్లే ఎక్కువ నష్టం. వెంటనే రావాలి, లేదా డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయాలి.

మావాడి సినిమా కప్పు ఎత్తడంతో ఆగిపోయింది. "ఇంకో సీను రాయి" అన్నాను. "ఇంటికెళ్లే దారిలో వైన్ షాపు. పాత ఫ్రెండ్స్. కప్పు కొట్టావ్, ఒక్క పెగ్గేయరా అంటారు."

"అప్పుడేం చేస్తాడు?"

"టీమ్‌లో ఒకడికి ఫోన్ చేస్తాడు."

"అంతేనా?"

"ఎత్తకపోతే ఇంకొకడికి."

ఇప్పుడా సీను రాస్తున్నాడు. ఫోన్ ఎత్తేవాడి పాత్రకి కమెడియన్‌ని అనుకుంటున్నాడట.