పొద్దుతిరుగుడు పువ్వు నడిమధ్యన తాలు ఎందుకు పడుతుంది?

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే రైతు కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో పొద్దుతిరుగుడు అనే పంటనే వారు అంగడిలో సూర్యఫూల్ అంటారు. అక్కడి నల్లరేగడి చేలలో కోతకు వచ్చిన పువ్వును చేతిలోకి తీసుకొని, అంచు నుంచి ఒక గింజను, నడుమ నుంచి ఒక గింజను గిల్లి వేళ్ల మధ్య నొక్కి చూడండి. అంచు గింజ గట్టిగా నిలుస్తుంది. నడిమి గింజ చాలాసార్లు చప్పున అణిగిపోతుంది, ఎందుకంటే పొట్టు లోపల పప్పు ఉండదు. ఇలాంటి ఉత్త గింజే తాలు. దిగుబడి తగ్గిందని బాధపడే రైతు ముందుగా చూడవలసినది ఈ నడిమి గింజనే.

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల చిరుపువ్వుల గుంపు. చుట్టూ ఉన్న పసుపు రేకలు కీటకాలను పిలవడానికే గాని గింజ కట్టవు. గింజ కట్టేవి లోపలి బిళ్ళ మీద ఉండే చిన్న గొట్టాల వంటి పువ్వులు. ఇవి అంచు నుంచి నడుమకు, రోజుకు కొన్ని వరుసల చొప్పున, వారం పది రోజుల పాటు విచ్చుకుంటాయి. ఒక్కో చిరుపువ్వులో మొదట పుప్పొడి బయటకు వస్తుంది, ఆ తరువాతే కీలాగ్రం (పుప్పొడి అంటుకునే ఆడ భాగపు కొన) రెండుగా చీలి పుప్పొడిని అందుకోవడానికి సిద్ధమవుతుంది. పైగా చాలా రకాల్లో తన పుప్పొడి తనకు సరిగా పనికిరాదు. ఆ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కనుక గాలి మీద ఆధారపడితే లాభం లేదు, తేనెటీగ రావలసిందే. నడుమనున్న పువ్వులు అన్నిటికన్నా చివర విచ్చుకుంటాయి, అప్పటికే అంచు గింజలు మొక్క ఆహారాన్ని లాక్కుంటూ ఉంటాయి. ఆ సమయంలో నీరు చాలకపోయినా, బోరాన్ అనే సూక్ష్మపోషకం లోపించినా నష్టం మొదట నడుమనే కనబడుతుంది.

అందుకే పూత దశలో ఉదయం వేళ పురుగుమందు పిచికారీ చేయడం పంటకు పెద్ద కీడు. తప్పనిసరైతే తేనెటీగలు తిరగని సాయంత్రం వేళను ఎంచుకోవాలి. ఎకరాకు రెండు తేనెటీగల పెట్టెలు పెట్టగలిగితే మరీ మంచిది. అవి లేని చోట ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య, మెత్తని గుడ్డను చేతికి చుట్టుకొని ఒక్కో పువ్వును సున్నితంగా రుద్దుతూ, రోజు విడిచి రోజు పూత ముగిసేదాకా సాగాలి. ఇది ఓపికతో కూడిన పని, కూలీ ఖర్చూ ఉంటుంది, అయినా తాలు తగ్గించడానికి రైతు చేతిలో ఉన్న నమ్మకమైన మార్గం ఇదే. రేకలు విచ్చుకునే దశలో లీటరు నీటికి బోరాన్‌ను అందించే బోరాక్స్‌ను 2 గ్రాములు కలిపి చల్లితే గింజ బాగా కడుతుంది.

పంట పేరు సగమే నిజం. పొద్దువెంట తిరిగేది లేత మొక్క మాత్రమే: పగలు కాండం తూర్పు వైపు ఎక్కువగా పెరిగి మొగ్గను పడమరకు వంచుతుంది, రాత్రి పడమటి వైపు పెరిగి మళ్ళీ తూర్పుకు తెస్తుంది. విచ్చుకున్న పువ్వు తూర్పునే చూస్తూ నిలిచిపోతుంది. అలా నిలిచిన పువ్వు ఉదయాన త్వరగా వెచ్చబడుతుందనీ, పడమరకు తిప్పి ఉంచిన పువ్వుల కన్నా దానికి కీటకాలు చాలా ఎక్కువగా వస్తాయనీ కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు.

మన దేశంలో దీన్ని నూనెపంటగా 1969లో సోవియట్ దేశం నుంచి తెచ్చిన రకాలతో మొదలుపెట్టారు. తొలి సంకర రకం బీఎస్‌హెచ్-1 బెంగళూరు నుంచి 1980లో వచ్చింది. నేటి సంకర రకాలకు స్వయంగా గింజ కట్టే శక్తి కొంత మెరుగైనా, తేనెటీగలు తిరిగిన చేనుకూ తిరగని చేనుకూ తేడా ఉంటూనే ఉంది.

పువ్వు వెనక భాగం నిమ్మపండు రంగుకు తిరిగినప్పుడు కోసి, ఎండబెట్టి, కర్రతో కొట్టి గింజ రాలుస్తారు. తూర్పారబట్టినప్పుడు గట్టి గింజ దగ్గరే పడుతుంది, తాలు గాలికి కొట్టుకుపోయి దూరాన కుప్పపడుతుంది. ఆ కుప్ప ఎంత ఉందో చూస్తే, పూతనాటి పది రోజులు చేనులో ఎలా గడిచాయో తెలిసిపోతుంది.