మల్లెమొగ్గలో సాయంత్రపు రసాయనం

తిరుపతి పూలంగళ్లకు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే మల్లెలు విచ్చిన పూలు కావు, గట్టిగా ముడుచుకుని ఉన్న తెల్లని మొగ్గలు. ఎండ ముదరకముందే కోసి, తడిగుడ్డ కప్పి తెచ్చిన ఆ మొగ్గలను మధ్యాహ్నం ముక్కు దగ్గర పెట్టుకున్నా పచ్చివాసన తప్ప పెద్దగా ఏమీ తెలియదు. మూర కట్టించుకుని ఇంటికి తెచ్చాక, దీపాలు పెట్టే వేళకు అవే విచ్చుకుని గది నిండా గుబాళిస్తాయి. కొమ్మ నుంచి తెగి గంటలు గడిచిన మొగ్గకు ఇంత పరిమళం ఎక్కడి నుంచి వచ్చినట్టు? లోపల దాచిన అత్తరు బుడ్డి మూత తెరుచుకుందని అనుకోవడం సహజమే గాని, జరిగేది చాలా మటుకు అది కాదు. కోసిన తరువాత కూడా బతికే ఉన్న రేకుల కణాలలో ఎంజైములు, అంటే రసాయన చర్యలను నడిపే ప్రోటీన్లు, ఆ వాసనను అప్పటికప్పుడు తయారు చేస్తాయి. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణపు సుగంధ తయారీదారులు జాజిపూలను కొవ్వు పూసిన గాజు పలకల మీద పరిచి ఒక రోజు పాటు వదిలేసేవారు. కోసిన పువ్వు వాసన పుట్టిస్తూనే ఉంటుందన్న సంగతి, ఎంజైము మాట ఎరగకముందే, వారికి అనుభవం మీద తెలుసు.

మల్లె వాసన ఒక్క పదార్థం కాదు. లినలూల్, బెంజైల్ ఎసిటేట్, ఫార్నెసీన్, ఇండోల్ వంటి అనేక అణువుల కలయిక అది. వీటిలో లినలూల్ పుట్టుకను కాస్త దగ్గరగా చూడవచ్చు. దాని ముడిసరుకు జెరానిల్ డైఫాస్ఫేట్ అనే పది కార్బన్ల అణువు. లినలూల్ సింథేజ్ అనే ఎంజైము ఈ అణువును తనలోని చిన్న గుంతలోకి తీసుకుని, కొసన ఉన్న ఫాస్ఫేట్ జంటను తెంచేస్తుంది. తెగినచోట ఏర్పడిన ధనావేశం గొలుసులోని మూడో కార్బన్ దాకా పరుచుకుని ఉండగా, అక్కడికి ఒక నీటి అణువు వచ్చి అతుక్కుంటుంది. అంతే, లినలూల్ సిద్ధం. అదే ముడిసరుకు మరో ఎంజైము గుంతలో పడితే, గొలుసు వంగి ఉంగరంగా మారి, నారింజ తొక్కలో ఉండే లిమోనీన్ అవుతుంది. అంటే ఏ వాసన పుట్టాలో తేల్చేది ముడిసరుకు కంటే ఎక్కువగా ఆ గుంత ఆకారమే. లినలూల్‌కు అద్దంలో ప్రతిబింబాల వంటి రెండు రూపాలున్నాయి. మన వంటింటి ధనియాలలో ఎక్కువగా ఉండేది ఒకటి, లావెండర్‌లో ఉండేది రెండోది. ఆ ఎంపిక కూడా ఎంజైముదే.

లినలూల్‌ను చేసే ఈ ఎంజైము మొదట బయటపడింది మల్లెలో కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎరాన్ పిచెర్‌స్కీ బృందం కాలిఫోర్నియాలో పెరిగే క్లార్కియా బ్రూవరీ అనే అడవిమొక్క నుంచి లినలూల్ సింథేజ్‌ను శుద్ధి చేసి, 1996లో దాని జన్యువును వెల్లడించింది. దానికి దగ్గరి చుట్టమైన క్లార్కియా కన్సిన్నాకు వాసన దాదాపు లేదు. ఆ మొక్కలోనూ జన్యువు ఉంది, కాని అది పనిచేసేది చాలా కొద్దిగా, అదీ కీలాగ్రంలో మాత్రమే.

బెంజైల్ ఎసిటేట్ దారి వేరు. అది ఫినైలలనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలై, కొన్ని మెట్లు దాటి బెంజైల్ ఆల్కహాల్ దాకా వచ్చాక, ఎసిటైల్ కో-ఎ అనే అణువు నుంచి ఎసిటైల్ ముక్కను తెచ్చి దానికి తగిలించే ఎంజైము చేతిలో పూర్తవుతుంది. ఈ చివరి తగిలింపులు పైకి అల్పంగా కనిపిస్తాయి గాని, నా దృష్టిలో అసలు కీలకం వాటిలోనే ఉంది. సాలిసిలిక్ ఆమ్లం తనంతట తాను గాలిలోకి ఎగిరేది కాదు. ఒక ఎంజైము దానికి మిథైల్ గుంపును తొడిగితే మిథైల్ సాలిసిలేట్ అవుతుంది, నొప్పుల బామ్ మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు అదే. నేలసంపెంగ పరిమళంలోనూ అది ఉంది.

కొంత నిల్వ లేకపోలేదు. మొగ్గలో కొన్ని సుగంధ ఆల్కహాళ్లు చక్కెరతో బంధించి ఉంటాయి. చక్కెర తగిలి ఉన్నంతసేపు వాటికి వాసన లేదు, గ్లూకోసిడేజ్ జాతి ఎంజైములు ఆ బంధాన్ని తెంచినప్పుడే విడుదలవుతాయి. ఇక వేళ సంగతి. పెటూనియా పూలలో జరిగిన పరిశోధనల ప్రకారం, మొక్క లోపలి గడియారానికి చెందిన ఎల్‌హెచ్‌వై అనే ప్రోటీన్ పొద్దున పూట వాసనను పుట్టించే జన్యువులను అణచి ఉంచి, సాయంత్రానికి సడలిస్తుంది. రాత్రి తిరిగే రెక్కపురుగులకు ఆ వేళే అనుకూలం.

మల్లెతో పాటు మాలలో కట్టే కనకాంబరానికి రంగే గాని వాసన లేదు, అందుకే మధ్య మధ్య మరువం చేరుస్తారు. మరువం తన నూనెను ఆకుల మీది గ్రంథులలో నిజంగానే నిల్వ చేస్తుంది గనుక ఎండినా వాసన పోదు.

గులాబీ మాత్రం శాస్త్రజ్ఞులను చాలాకాలం తికమక పెట్టింది. దాని వాసనకు ముఖ్యమైన జెరానియోల్‌ను లినలూల్ సింథేజ్ జాతికి చెందిన ఏదో ఒక టెర్పీన్ సింథేజే చేస్తుందని అందరూ ఊహించారు. 2015లో ఫ్రాన్సు పరిశోధకులు ఘుమఘుమలాడే ‘పాపా మెయ్యాఁ’ గులాబీని వాసన లేని ‘రూజ్ మెయ్యాఁ’తో పోల్చి చూస్తే, తేడా నుడిక్స్ జాతికి చెందిన ఒక ఎంజైములో కనిపించింది. బ్యాక్టీరియాలో చెడిపోయిన డిఎన్ఎ ముడిసరుకును ఏరిపారేసే ఎంజైములకు అది బంధువు. గులాబీలో అది జెరానిల్ డైఫాస్ఫేట్ నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది, రెండోదాన్ని మరో ఎంజైము తీసేస్తుంది, జెరానియోల్ మిగులుతుంది. వాసన లేని గులాబీలో ఆ జన్యువు దాదాపు మౌనంగా ఉంటుంది. రంగు కోసం, గట్టి కాడ కోసం, ఎక్కువ రోజుల నిలకడ కోసం రకాలను ఎంచుకుంటూ పోయినవారు వాసనను పరీక్షించి చూడలేదు.