పాత పికప్‌లో బ్రేకులు పట్టేస్తుంటే: అపోహలు - వాస్తవాలు

మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే పాత బొలెరో పికప్ ఒకటి పోయిన వేసవిలో మా షెడ్డుకొచ్చింది. ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. బండి ఎడమకు లాగుతోంది, మైలేజీ పడిపోయింది. అప్పటికే వేరేచోట రెండుసార్లు ప్యాడ్లు మార్పించారట. "కొత్త ప్యాడ్లు ఏసి నెల కూడా కాలేదన్నా, మళ్లా అయిపోయినాయి" అని డ్రైవర్ లబోదిబోమన్నాడు.

అపోహ: బ్రేకు పట్టేస్తే, అంటే పెడల్ వదిలినా చక్రాన్ని విడవకపోతే, ముందు ప్యాడ్లో వెనక డ్రమ్ముల్లోని లైనర్లో పోయినట్టే.

వాస్తవం: పట్టేయడం వల్లే ప్యాడ్లు పోతాయి. ఎందుకు పట్టేస్తోందో తేల్చకుండా ప్యాడ్లు మారిస్తే డబ్బు దండగ.

చల్లారిన బండిని చూసి లాభం లేదు, చక్రం హాయిగా తిరుగుతుంది. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, పట్టేసి ఉన్నప్పుడే జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టండి. చక్రం చేత్తో తిరగకపోతే కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) మీద ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయండి. ముఖం పక్కకు పెట్టుకోండి, ఆయిల్ వేడిగా ఉంటుంది. అది చిమ్మి చక్రం వదిలిందా, లైన్లో ప్రెషర్ చిక్కుకుందని అర్థం. నిపుల్ వదిలినా చక్రం కదలకపోతే తప్పు కాలిపర్‌లోనే ఉంది. ప్యాడ్లను తోసే పిస్టన్‌కు తుప్పు పట్టి ఉంటుంది, లేదా కాలిపర్ జరిగే స్లైడింగ్ పిన్నులు బిగుసుకుని ఉంటాయి.

టమాటా బండికి నిపుల్ వదలగానే చక్రం తిరిగింది. నిపుల్ బిగించి, మళ్లీ బ్రేకు తొక్కించి, పట్టేశాక ఈసారి రబ్బరు హోస్‌కు పైన, స్టీలు పైపు కలిసే చోట నట్టు వదిలాను. చక్రం కదల్లేదు. పైన వదిలినప్పుడే తిరిగి ఉంటే, పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్‌ను అనుమానించేవాణ్ణి. ఇక్కడ మిగిలింది హోసే. తీసి బ్లేడుతో నిలువునా కోసి డ్రైవర్‌కు చూపించాను. బయట నిగనిగలాడుతోంది, లోపల రబ్బరు ఉబ్బి సూది దూరేంత సందే మిగిలింది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ ఎలాగోలా ముందుకు పోతుంది. తిరిగొచ్చేటప్పుడు తోసే బలం లేదు కదా, అక్కడే ఆగిపోతుంది. రెండువైపులా హోస్‌లు మార్చి, లైన్లో చేరిన ఎయిర్ తీశాం.

పక్క మాట ఒకటి. డిస్క్ బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఉంటుందనుకునే కుర్రాళ్లు మా షెడ్డులోనే ఉన్నారు. పిస్టన్ చుట్టూ ఉండే పలకల రబ్బరు సీలే ఆ పని చేస్తుంది. తొక్కినప్పుడు కాస్త ఒరిగి, వదిలినప్పుడు నిటారుగా అవుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంత చిన్న కదలికను ఆపడానికి కాస్త తుప్పు చాలు. పిస్టన్‌కు గుంటలు పడ్డాక ఎమెరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వేయడం నేను ఒప్పుకోను.

అపోహ: బ్రేక్ ఆయిల్ దొరక్కపోతే ఏ ఆయిలైనా పోయొచ్చు.

వాస్తవం: ఈ పని చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంజన్ ఆయిల్ తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బుతాయి. మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్ (సీలు) ఉబ్బి, ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. అప్పుడు నాలుగు చక్రాలూ పట్టేస్తాయి.

అనుమానముంటే గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని, డబ్బాలోని ఆయిల్ నాలుగు చుక్కలు వేసి కలపండి. అసలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్ ఉంటే పైన తెట్టు కడుతుంది. తెట్టు కడితే లైన్లు కడిగి, కిట్లు (సీళ్ల సెట్లు), హోస్‌లు, రబ్బరన్నది ప్రతిదీ మార్చాల్సిందే.

నీళ్లలో కలిసే గుణం వల్లే బ్రేక్ ఆయిల్ గాలిలో తేమనూ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిన దానికి పెట్టిన హద్దు 140 డిగ్రీలే. లోపల తుప్పుకూ ఆ తేమే కారణం. నేనైతే రెండేళ్లకోసారి మార్చమంటాను.

అపోహ: పెడల్ పైపైనే పట్టాలి, ఎంత టైట్‌గా ఉంటే అంత మంచిది.

వాస్తవం: పెడల్‌కు కొంచెం ఫ్రీ ప్లే, అంటే బ్రేకు పట్టేలోపు ఖాళీ కదలిక, ఉండాలి. బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచే డబ్బా) రాడ్డును పొడవు చేసి టైట్ చేస్తే, ఇందాక చెప్పిన రంధ్రమే మూసుకుపోతుంది. పట్టేసి ఉన్నప్పుడు మాస్టర్ సిలిండర్ నట్లు రెండూ వదులు చేసి, దాన్ని బూస్టర్ నుంచి కాస్త ముందుకు జరపండి. చక్రాలు వదిలితే తప్పు రాడ్డుదే. వెనక డ్రమ్ములదీ అంతే, లైనర్లు సెట్ చేశాక డ్రమ్ము చేత్తో తిరగాలి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రాకపోయినా అవే లక్షణాలు.

అపోహ: ఘాట్ దిగాక డ్రమ్ములు కాగితే నీళ్లు పోయాలి.

వాస్తవం: కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. బండిని గేరులో ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వాటంతటవే చల్లారనివ్వండి.

పని అయ్యాక పది కిలోమీటర్లు తిప్పి, రిమ్ములకు తాకకుండా దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. ముందు రెండు చక్రాల వేడి ఇంచుమించు ఒకేలా ఉండాలి. టమాటా బండికి అలాగే ఉంది. కోసిన హోస్ ముక్కను డ్రైవర్ అడిగి మరీ తీసుకెళ్లాడు, ఓనర్‌కు చూపించాలట.