ఇన్‌స్టంట్ ఫొటోలోని తెల్ల పొర: అపోహలు - వాస్తవాలు

ఇన్‌స్టంట్ ఫొటో అనగానే అందరూ రంగుల గురించి, కెమెరాల గురించి మాట్లాడతారు. ఆ రంగులు కంటికి ఆనేలా చేసే తెల్ల పొరను మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ. ఎమల్షన్ లిఫ్ట్ (ఫొటోలోని పలచని బొమ్మ పొరను నీళ్లలో ఊడదీసి వేరే కాగితం మీద పరచడం) చేసే నాకు రోజూ ఎదురయ్యేది అదే. దాని మీద తరచూ వినే మాటల్లో నిజమెంతో రాస్తున్నాను.

అపోహ: ఫొటోలో తెల్లగా కనిపించేది కాగితమే.

వాస్తవం: పోలరాయిడ్ ఫిల్మ్‌లో బొమ్మ వెనక కాగితం లేదు. ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు, వెనక నెగటివ్ (వెలుగును గ్రహించే పొరలు) ఉన్న నల్ల షీటు ఉంటాయి. ఫొటో బయటికొచ్చేటప్పుడు కెమెరాలోని రోలర్లు కింది అంచులోని సన్నని పాడ్‌ను చితిపి, అందులోని పేస్టును ఆ రెండిటి మధ్య పరుస్తాయి. పొటాషియం హైడ్రాక్సైడ్, చిక్కదనానికి సెల్యులోజ్ జాతి పదార్థం, వాటితోపాటు దండిగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి): ఇదీ ఆ పేస్టు. 1972లో వచ్చిన పోలరాయిడ్ కెమెరా ఎస్‌ఎక్స్-70తో మొదలైన పద్ధతి ఇది. షట్టర్ పడే క్షణానికి నెగటివ్ ముందు తెల్ల పొర ఉండదు, ఉండకూడదు కూడా. వెలుగు ముందు వైపు నుంచే నెగటివ్‌ను చేరాలి కదా.

కింది అంచు వెడల్పుగా ఉండేది పేరు రాసుకోవడానికి కాదు, ఆ పాడ్ కోసం.

కళ్లారా చూడాలంటే ఎమల్షన్ లిఫ్ట్ చేసి చూడండి. ఫ్రేము కత్తిరించి, వెనక నల్ల షీటును నెమ్మదిగా ఊడదీసి, ముందు షీటును వేడినీళ్లలో వేయాలి. బొమ్మ వెనక అంటుకున్న తెల్ల పూత నానుతుంది. మెత్తని కుంచెతో తోస్తే పొడి పొడిగా విడిపోయి నీళ్లు తెల్లబడతాయి. తెలుపు పోయేకొద్దీ బొమ్మ పారదర్శకమవుతుంది. ముఖం మీద వెలుగు పడిన చోట వెనక వేలు పెడితే వేలే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ రంగు దాదాపు లేదు, ఇంతసేపూ మనం చూసింది పిగ్మెంట్‌నే. ఆ పలచని పొరను నల్ల కాగితం మీద పరిస్తే బొమ్మ దాదాపు మాయమవుతుంది, తెల్ల కాగితం మీద పరిస్తే తిరిగొస్తుంది. పేస్టులో ఉన్నది ఘాటైన క్షారం, గ్లవ్స్ లేకుండా మాత్రం ఈ పని చేయొద్దు.

అపోహ: వెలుగు తగిలితేనే ఫొటో డెవలప్ అవుతుంది.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. బయటికొచ్చిన ఫొటోలో నెగటివ్‌కు ఇంకా వెలుగు సోకకూడదు. తెల్ల పొర చాలా వెలుగును వెనక్కి తిప్పికొడుతుంది, కానీ కొంత లోపలికి జారుతుంది. అందుకే పేస్టులో పీహెచ్‌ను (క్షారం, ఆమ్లం స్థాయిని) బట్టి రంగు మారే డైలు (రంగు పదార్థాలు) కలుపుతారు. క్షారం ఎక్కువగా ఉన్నంతసేపూ అవి ముదురు రంగులో ఉండి వెలుగును మింగేస్తాయి. ఇక్కడ పిగ్మెంట్ చేసే సాయం నాకు ఎంతో ఇష్టమైన విషయం: టైటానియం రేణువుల మధ్య వెలుగు అటూ ఇటూ చెదిరి చాలా దూరం తిరుగుతుంది కాబట్టి, కొద్దిపాటి డైకే దాన్ని పట్టుకునే అవకాశం పెరుగుతుంది. తర్వాత ఫిల్మ్‌లోని ఆమ్ల పొర క్షారాన్ని తటస్థం చేస్తుంది, డైల రంగు పోతుంది, తెలుపు బయటపడుతుంది. బయటికొచ్చిన ఫొటో మొదట నీలి ఛాయలో ఉండి క్రమంగా తేటపడేది ఇందువల్లే. 2010లో ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఈ ఫిల్మ్‌ను మళ్లీ తెచ్చినప్పుడు పాత రసాయనాలు దొరకలేదు. ఆ తొలి ప్యాకుల ఫొటోలను బయటికి రాగానే వెలుగు తగలకుండా కప్పాల్సి వచ్చేది. ఇప్పటి ఫిల్మ్ ఎంతో మెరుగైనా, మొదట్లో నీడ పట్టడం మంచిదే.

అపోహ: తెల్లగా ఉండే ఏ పొడి వేసినా సరిపోతుంది.

వాస్తవం: తెలుపు అనేది ఆ పదార్థంలో ఉన్న రంగు కాదు. గాజును దంచితే తెల్ల పొడి అయినట్టే, రంగులేని రేణువులు వెలుగును చెదరగొట్టడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. ఎంత చెదరగొడుతుందనేది రేణువుకు, చుట్టూ ఉన్న పదార్థానికి వక్రీభవన గుణకంలో (పదార్థం వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకెలో) ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఫిల్మ్ పొరల్లో వాడే జెలటిన్‌ది సుమారు 1.5. సుద్దది, బేరియం సల్ఫేట్‌ది 1.6 దరిదాపుల్లోనే, కాబట్టి పలచటి తడి పొరలో అవి తెలుపు తగ్గి దాదాపు పారదర్శకమవుతాయి. జింక్ ఆక్సైడ్‌ది సుమారు 2.0, ఫరవాలేదనిపిస్తుంది గానీ ఘాటైన క్షారంలో అది కరుగుతుంది. రూటైల్ రకం టైటానియం డయాక్సైడ్‌ది సుమారు 2.7, క్షారానికీ చెక్కుచెదరదు. రేణువు సైజు కూడా ముఖ్యమే: 0.2 నుంచి 0.3 మైక్రాన్ల దగ్గర ఉంటే కంటికి కనిపించే వెలుగును బాగా చెదరగొడుతుంది.

అపోహ: తెల్ల పొర ఎంత మందంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: నెగటివ్ నుంచి రంగులు ఈ పొరలోంచే పైకి పాకి, ముందున్న పొరలో స్థిరపడాలి. మందం పెరిగితే వెనకున్న నెగటివ్ బాగా దాగుతుంది, నిజమే. కానీ రంగులు వెళ్లాల్సిన దూరం పెరుగుతుంది, దారిలో పక్కలకు వ్యాపించి అంచుల పదును తగ్గుతుంది. చలిలో ఈ ప్రయాణం ఇంకా నెమ్మదిస్తుంది. చల్లటి చోట తీసిన ఫొటో పాలిపోతే పిగ్మెంట్‌ను తిట్టుకోవద్దు.

అపోహ: అన్ని ఇన్‌స్టంట్ ఫిల్ములూ ఇంతే.

వాస్తవం: కాదు. 1976లో వచ్చిన కొడాక్ ఫిల్మ్‌లో తెల్ల పొరను ఫ్యాక్టరీలోనే పూసేవారు. దాని వెనక నల్ల పొర, ఆ వెనక వెలుగును గ్రహించే పొరలు. వెలుగు ఒక వైపు నుంచి పడుతుంది, బొమ్మను రెండో వైపు నుంచి చూస్తాం, అందుకే బొమ్మ కుడి ఎడమలను సరిచేయడానికి కెమెరాలో అద్దం అక్కర్లేదు. 1998లో మొదలైన ఫుజీ ఇన్‌స్టాక్స్‌దీ ఇదే దారి. పొర ఒలిచే రకం ఫిల్మ్‌లో మాత్రం తెలుపు నిజంగానే కాగితం వైపు నుంచి వస్తుంది.

అపోహ: పాత ఫొటో పసుపెక్కిందంటే పిగ్మెంట్ పాడైనట్టే.

వాస్తవం: టైటానియం డయాక్సైడ్ వయసుతో పసుపెక్కదు. నెగటివ్‌లో మిగిలిపోయిన పదార్థాలు ఏళ్ల తరబడి మెల్లగా ముందు పొరలోకి వచ్చి మరక కడతాయి. చీకట్లో దాచినా ఇది ఆగదు. అలాగని పిగ్మెంట్ పూర్తి అమాయకురాలు కాదు: 1970ల తొలినాటి ప్లాస్టిక్ పూత ఫొటో కాగితాల్లో, వెలుగు తగిలిన టైటానియం డయాక్సైడ్ చుట్టూ ఉన్న పాలిథీన్‌ను దెబ్బతీసి పగుళ్లు తెచ్చింది. మీ దగ్గర పాత ఇన్‌స్టంట్ ఫొటోలుంటే చల్లగా, పొడిగా ఉంచి, వెంటనే స్కాన్ చేసుకోండి. సీలు వేసిన ఫొటోలో పట్టిన ఈ మరకను ఫొటో పాడవకుండా తీసే మార్గం లేదు.